మాస్టారి పెట్టె

పోయిన నెల ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతోంది, ఆరేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువు చేయబోతోందట. పాతకాలపు మృదంగం మనిషి ఒకాయన ఉన్నాడని ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కూర్చోగానే ఫోను తీసి అదే దరువు ఏడుగురు ఆడిన ఏడు వీడియోలు చూపించింది. అందులో ఒకటి మా మాస్టారి శిష్యురాలిది. ఎనభైల్లో ఆడిన ఆట, ఎవరో పాత క్యాసెట్టు నుంచి ఎక్కించారు.

"తాతగారూ, ఈ పాతదానిలో మాత్రం జతి అయిపోయాక ఆవిడ ఒక ఆవర్తం ఊరికే నిలబడింది. మిగతా ఆరింటిలోనూ అక్కడ ఏదో ఒక భంగిమ పెట్టారు. ఈవిడెందుకు ఖాళీగా వదిలేసింది?"

మంచి ప్రశ్న. ఇలా అడిగే పిల్లలు తగ్గిపోయారు. కానీ చూడండి, చేతిలో ఏడు వీడియోలున్నాయి, ఎందుకు అన్నదానికి ఒక్కదానిలోనూ జవాబు లేదు. మా రోజుల్లో ఆ జవాబు ఉండే చోటు ఒకటి ఉండేది. ఆకుపచ్చ రంగు వేసిన రేకు ట్రంకుపెట్టె, మా మాస్టారి మంచం కింద.

మాది కృష్ణా జిల్లా. మాస్టారు చిన్నప్పుడు కూచిపూడిలో అడుగులు దిద్దుకున్నారు. పదేళ్లకే బాలవేషాలు కట్టారు. మీసాలొచ్చే వయసులో మేళంతో ఊరూరా తిరిగి, రాత్రి తొమ్మిదికి తెర పట్టించి తెల్లవారుజామున మంగళహారతి పాడించిన మనిషి. కొన్నాళ్లు మద్రాసులో సినిమా డ్యాన్సుల్లో వరుసలో నిలబడ్డారు. అది సరిపడక మా ఊరొచ్చి పెంకుటింటి పంచలో పిల్లలకు నేర్పడం మొదలెట్టారు. ఆ పంచలోనే నలభై ఏళ్లు గడిచిపోయాయి. ఊరంతా ఆయన్ని "బ్యాలే మాస్టారు" అనేవాళ్లు. అప్పట్లో నృత్యనాటకాన్ని జనం బ్యాలే అనే పిలిచేవారు. వాల్‌పోస్టరు మీద కూడా "గొప్ప కూచిపూడి బ్యాలే" అని ఎర్రక్షరాల్లో వేసేవాళ్లు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టాక ఆ మాట మరీ స్థిరపడింది. క్షీరసాగర మథనం, శ్రీకృష్ణ పారిజాతం, చండాలిక అన్నీ ఆయన కట్టినవే. భుజంగరాయశర్మగారి మాట, పట్రాయని సంగీతరావుగారి పాట, చినసత్యంగారి ఆట. ముగ్గురు పెద్దలు కలిస్తే ఎలా ఉంటుందో చూసి మా మాస్టారి లాంటివాళ్లు జిల్లాల్లో ఉత్సాహం తెచ్చుకున్నారు. ఉన్నంతలో తామూ నృత్యనాటకాలు కట్టారు.

నేను పదహారో ఏట, 1967లో, ఆ పంచలోకి మృదంగం పట్టుకుని వెళ్లాను. ఆయన పోయేదాకా మళ్లీ బయటికి రాలేదు.

ఇక ఆ పెట్టెలో ఏముండేదో చెబుతాను. చెప్పకపోతే, చూసినవాళ్లం మేమూ పోయాక, అలాంటిది ఉండేదని కూడా ఎవరికీ తెలియదు.

మొట్టమొదట పుస్తకాలు. కిరాణా కొట్లో పద్దులు రాసే పొడుగాటి చిట్టా పుస్తకాలు. ఎడమ పేజీలో సాహిత్యం, కుడి పేజీలో జతులు. తకిట, తకధిమి, తధిగిణతోం అని విడివిడిగా రాసి, ఆవర్తం ముగిసిన చోటల్లా నిలువుగీత. ఆది తాళం అయితే ముప్ఫై రెండు అక్షరాలు సరిపోయాయో లేదో పక్కన లెక్క కట్టేవారు. తేడా వస్తే కొట్టేసి మళ్లీ రాసేవారు. ఆ కొట్టివేతలే నాకు ప్రాణం. మొదట ఏమనుకున్నారు, రిహార్సల్లో ఏది నిలవలేదు, ఎవరి కాళ్లకు ఏది అందలేదు, అంతా ఆ గీతల్లో కనిపించేది. నల్లసిరా అంటే పాఠం. నీలం పెన్సిలంటే రిహార్సల్లో మార్చింది. ఎర్ర పెన్సిలంటే స్టేజీ మీద దెబ్బతిన్నాక తెలుసుకున్నది.

ఆ తర్వాత రంగస్థలం బొమ్మలు. పేజీకి ఒక చతురస్రం గీసి, ఎవరు ఏ వింగు నుంచి వస్తారు, తెర ఎవరు పడతారు, సూత్రధారుడు తాళాలతో ఏ పక్క నిలబడతాడు, నా మృదంగం ఎక్కడ, హార్మోనియం ఎక్కడ, అన్నీ చుక్కలు పెట్టి చూపేవారు. సత్యభామ జడ తెర మీదుగా వేసే ఘట్టానికి తెర ఎంత ఎత్తున పట్టాలో కూడా జానల్లో రాసి ఉండేది. పొట్టి పిల్లకు ఒక కొలత, పొడుగు పిల్లకు ఇంకో కొలత.

మూడోది కార్యక్రమాల కరపత్రాలు. ఏ ఊళ్లో, ఏ పండక్కి, ఎవరి ఆహ్వానం మీద ఆడామో, ఎవరు ఏ వేషం కట్టారో అందులో ఉండేది. వెనక వైపు ఆయన దస్తూరీతో ఆ రోజు లెక్క. లారీ కిరాయి, మైకుసెట్టు, అర్దళం, పూలు, భోజనాలు. మిగిలింది ఇంత, మృదంగానికి ఇంత, పాటకు ఇంత. చాలా కరపత్రాల మీద మిగిలింది అన్నచోట సున్నా. తనకు అన్నచోట అసలు అంకే ఉండేది కాదు.

నాలుగోది ఉత్తరాలు. పెళ్లిళ్లయి వెళ్లిపోయిన శిష్యురాళ్లు రాసిన కార్డులు, ఇన్లాండు లెటర్లు. "మాస్టారూ, మా అత్తగారింట్లో గజ్జె కట్టనివ్వరు, అయినా వంటింట్లో అడుగులు వేసుకుంటున్నాను" అని ఒక అమ్మాయి రాసిన కార్డు నేను చదివాను. రెండేళ్లకు అదే అమ్మాయి రాసింది, తన కూతురికి నేర్పుతున్నానని. ఈ రెండు కార్డుల మధ్య ఒక కళ చరిత్ర ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు అది.

ఫొటోల సంగతి సరే. ఒక్కో ఫొటో వెనక తేదీ, ఊరు, ఎడమ నుంచి కుడికి పేర్లు. ఫొటో స్టూడియోవాడు ఇచ్చిన సాయంత్రమే కూర్చుని రాసేవారు. "రేపటికి మనకే గుర్తుండదురా" అనేవారు.

ఇప్పుడో? ఒక్క అరంగేట్రానికి మూడు వేల ఫొటోలు తీస్తున్నారు. ఒక్కదాని వెనకా పేరు లేదు. వెనక అనేదే లేదు వాటికి. ఫోను మారితే పోతాయి, ఫోను నీళ్లలో పడితే పోతాయి. మొన్నామధ్య ఒక టీచరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది, పదేళ్ల ప్రదర్శనలన్నీ ఒక హార్డ్ డిస్కులో ఉన్నాయట, అది తెరుచుకోవడం లేదట. మా మాస్టారి పుస్తకాలకు చెదలు పట్టాయి, వాన తగిలింది, ఎలక అంచులు కొరికింది. అయినా కొరకగా మిగిలింది చదవగలిగాం.

మా రోజుల్లో ఒక నృత్యనాటకం కట్టాలంటే ఆరు నెలలు పట్టేది. పాటవాళ్లు, వేణువు, వయొలిను, మృదంగం అందరం పిల్లల ఎదుటే కూర్చునేవాళ్లం. ఆడే పిల్లకు ఆ పూట ఒంట్లో బాగాలేకపోతే కాలం కాస్త తగ్గించేవాళ్లం. చెలరేగి ఆడుతుంటే ముక్తాయింపు ఇంకొకటి కలిపేవాళ్లం. ఇప్పుడు పెన్ డ్రైవులో ట్రాక్ వస్తుంది. ట్రాక్‌కు ఎదురుగా ఉన్న పిల్ల ఎవరో తెలియదు. పిల్ల అలసినా, తడబడినా, దేవుడు పూనినట్టు ఆడినా దాని నడక దానిదే. ఖర్చు కలిసి వస్తుందంటారు. నిజమే, అమెరికాలో, దుబాయిలో మన పిల్లలకు మృదంగం ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడి తల్లిదండ్రుల్ని నేను అననుగాక అనను. కానీ కృష్ణా జిల్లా నడిబొడ్డున, వాయించేవాడు పక్కవీధిలో ఉండగా, ట్రాక్ పెట్టి ఆడిస్తుంటే మాత్రం నాకు కడుపు రగులుతుంది.

2016 డిసెంబరులో విజయవాడలో ఆరు వేల మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. అంతమంది పిల్లలు గజ్జె కట్టినందుకు సంతోషించాను. కానీ ఆ ఆరువేల మందికి నేర్పిన గురువుల కాగితాలు ఎన్ని పెట్టెల్లో ఉన్నాయో, ఎవరి దగ్గరున్నాయో ఎవరైనా లెక్క రాశారా? తలలు లెక్కపెట్టాం. ఆ తలల్లోకి విద్య ఏ దారిన వచ్చిందో మాత్రం రాసుకోలేదు.

మాస్టారి పెట్టె సంగతి చెప్పేస్తాను. ఆయన పోయాక కొన్నేళ్లకు ఆ పెంకుటిల్లు అపార్టుమెంటుకు ఇచ్చారు. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు, వాళ్లను తప్పు పట్టను. నాకు కబురు ఆలస్యంగా అందింది. నేను వెళ్లేసరికి పంచ లేదు. ఇత్తడి సామాను, తలుపులు, ద్వారబంధాలు బేరమైపోయాయి. ట్రంకుపెట్టె పాత ఇనుము కింద, అందులోవి పాత కాగితాల కింద తూకానికి వెళ్లిపోయాయి. కొట్టు వెతుక్కుంటూ వెళ్తే అప్పటికే మూడొంతులు మూటకట్టి పంపేశారు. రెండు చిట్టా పుస్తకాలు, ఒక కరపత్రాల కట్ట దొరికాయి. ఎంతివ్వాలంటే తూకం వేశాడు. నలభై ఏళ్ల విద్య ముప్పై రూపాయలైంది. ఆ కొట్టువాడికి మాత్రం ఏం తెలుసు పాపం.

తెలియాల్సిన చోటికి తీసుకెళ్లాను. కళల పేరుతోనే నడిచే ఒక ఆఫీసు అది. బల్ల అవతలి పెద్దమనిషి పుస్తకం తెరవనైనా తెరవకుండా, "అవార్డులున్నాయా? సన్మాన పత్రాలున్నాయా? ఉంటే చూద్దాం" అన్నాడు. అవార్డు ఒక మనిషిని పదిమంది మెచ్చుకున్నారని చెబుతుంది. ఆ మనిషికి ఏం తెలుసో చెప్పేది ఈ చిట్టా పుస్తకం. ఆ తేడా చెప్పడానికి నోరు తెరిచాను, ఆయన అప్పటికే ఫోను ఎత్తుకున్నాడు.

కాగితం కోసం ఎందుకింత పట్టుపడతావు, నాట్యం ఒంట్లో ఉంటుంది కదా అంటారు కొందరు. నాట్యం ఒంట్లోనే ఉంటుంది, కాదనను. కానీ ఒళ్లు పోతుంది. కాకతి గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయపసేనాని 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళి రాశాడు. శాస్త్రంలో ఉన్న మార్గమూ రాశాడు, తన కళ్లముందు జనం ఆడుతున్న దేశి ఆటలూ రాశాడు. పేరిణి అందులో ఉంది. కాకతీయులు పోయారు, పేరిణి ఆడిన ఒళ్లన్నీ మట్టిలో కలిశాయి. రాతప్రతి తంజావూరు సరస్వతీ మహల్లో బతికింది. దాన్ని వి. రాఘవన్ గారు పరిష్కరిస్తే 1965లో అచ్చయింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగు చేశారు. నటరాజ రామకృష్ణగారు ఆ పుస్తకం ఒక చేత, రామప్ప గుడి శిల్పాలు ఒక కంట పెట్టుకుని పేరిణిని మళ్లీ లేపి నిలబెట్టారు. ఏడువందల ఏళ్ల తర్వాత మన కుర్రాళ్లు ఆ ఆట ఆడుతున్నారంటే ఎవరో రాశారు, ఎవరో దాచారు, ఇంకెవరో తెరిచారు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు బద్ధకించినా పేరిణి లేదు.

కూచిపూడి మాత్రం? మన భాగవతుల గురించి దొరికే పాత జాడల్లో ఒకటి కడప జిల్లా మాచుపల్లి కైఫీయతు. పదహారో శతాబ్దం మొదట్లో విజయనగర ప్రభువు ఎదుట కూచిపూడివాళ్లు వేషం కట్టి, సిద్ధవటం సీమనేలే సమ్మెట గురవరాజు చేసే అకృత్యాలను ఆడి చూపించారని అందులో ఉంది. అది శాస్త్రగ్రంథం కాదు, కావ్యం కాదు, ఊరి వృత్తాంతం. మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కాగితాల్లో అదొకటి. ఆ రోజున "ఇదేం పనికొస్తుంది" అనుకుని ఉంటే మన పూర్వుల ధైర్యం మనకు తెలిసేది కాదు.

మనం మాటవరసకు వాడుకున్న బ్యాలే ఉంది కదా, దాన్ని పెంచి పోషించినవాళ్ల సంగతి కూడా చెబుతాను. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ మారిన్‌స్కీ నాటకశాలలో స్తెపనోవ్ అనే ఆయన సంగీతం రాసే స్వరాల గుర్తుల్లాంటివాటితోనే నర్తకుల కదలికలు రాసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. 1892లో దాన్ని అచ్చు వేశాడు. ఆ పద్ధతిలో రాసిన బ్యాలేల కాగితాలు నికొలాయ్ సెర్గేయెవ్ అనే ఆయన చేతిలో ఉండేవి. అక్కడ రిహార్సళ్లు నడిపించే బాధ్యత ఆయనది. విప్లవం వచ్చింది. 1918లో దేశం విడిచిపోతూ ఆయన ఆ కాగితాలు వెంట తీసుకెళ్లాడు. ముప్పైల్లో లండన్‌లో జిజెల్, స్వాన్ లేక్, నట్‌క్రాకర్ వాటిని చూసే నేర్పించాడు. ఆయన పోయాక ఆ కాగితాలు 1969లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చేరాయి. 1999లో మారిన్‌స్కీవాళ్లు తమ స్లీపింగ్ బ్యూటీని 1890లో తొలిసారి ఆడినట్టుగా మళ్లీ ఆడాలనుకున్నప్పుడు ఆ కాగితాల్నే ఆధారం చేసుకున్నారు. ఊరు విడిచిన కాగితం ఎనభై ఏళ్లకు ఆ ఊరికే పాఠం చెప్పింది. ఆయన పెట్టె విశ్వవిద్యాలయానికి వెళ్లింది. మా మాస్టారి పెట్టె తక్కెడ మీదికి వెళ్లింది.

మా కాలం అంతా బంగారమని నేననను. మా పెద్దల్లో పుస్తకం చూపించడం ఇష్టంలేనివాళ్లు ఎందరో ఉన్నారు. కొడుకు నేర్చుకోడు, శిష్యుడికి ఇవ్వరు, చివరికి వాళ్లతోపాటే పోయేది. కరపత్రాల్లో వేషధారుల పేర్లు పెద్దక్షరాల్లో వేసి తెర పట్టినవాడి పేరు, వేషం దిద్దినవాడి పేరు వదిలేశాం. అన్నిటికంటే పెద్ద తప్పు కలావంతుల ఇళ్ల విషయంలో చేశాం. దేవదాసీ పద్ధతిని నిషేధిస్తూ 1947 చట్టం వచ్చాక ఆ అమ్మలు గజ్జె విప్పేశారు. వాళ్ల ఇళ్లలో తరతరాలుగా వస్తున్న పదాలు, జావళీలు, అభినయం గురించి అడిగి రాసుకుందామని మా ఊళ్లల్లో ఎంతమంది వెళ్లారు? రామకృష్ణగారి లాంటి ఒకరిద్దరు ఆ గడపలు తొక్కారు, నేర్చుకున్నారు, నాలుగు మాటలు దక్కించారు. మిగిలినవాళ్లం పరువు కోసం అటువైపు చూడలేదు. ఆ తప్పుకు మా తరమంతా బాధ్యులమే. నేను కూడా. అందుకే ఇప్పుడు మీ మీద గట్టిగా అరుస్తున్నాను. మేం చేసిందే మీరూ చేస్తున్నారు. మాకు కాగితం కరువు, చదువు కరువు. మీకు ఏం కరువని?

ఆ పిల్ల ప్రశ్న దగ్గరికి వస్తాను.

దొరికిన రెండు పుస్తకాల్లో ఒకటి భామాకలాపానిది. తీసుకొచ్చి ఆ పిల్ల ముందు పెట్టాను. ప్రవేశ దరువు పేజీ. కుడి వైపు నాలుగు ఆవర్తాల జతి, నాలుగో ఆవర్తం అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన ఎర్ర పెన్సిలుతో మాస్టారి అక్షరాలు: "ఈ ఆవర్తం ఖాళీ. అడుగు వద్దు. ఊపిరి నిలవాలి. తర్వాత మాట ఉంది."

పిల్లకు అర్థం కాలేదు. చెప్పాను. "అమ్మా, మా రోజుల్లో సత్యభామ తన మాట తనే చెప్పేది. దరువు తనే పాడేది. కూచిపూడికి కాలు ఎంతో నోరూ అంతే. పెదవులు కదిపి వెనక ఎవరో పాడితే మా ఊరివాళ్లు ఒప్పుకునేవారు కాదు. జతి ఆడి రొప్పుతూ మాట చెబితే సత్యభామ గర్వం ఏం కనబడుతుంది? అందుకని ఊపిరి కోసం ఒక ఆవర్తం వదిలారు. ఆవిడ అక్కడ ఊరికే నిలబడలేదు తల్లీ, మాటకు సిద్ధమవుతోంది. మాట పోయింది కనుక ఆ ఖాళీ మీ కళ్లకు ఖాళీగా కనిపిస్తోంది. ఖాళీ కనిపించగానే భంగిమ పెట్టి పూడ్చేస్తున్నారు."

ఎర్ర పెన్సిలంటే స్టేజీ మీద దెబ్బతిన్నాక తెలుసుకున్నదని చెప్పాను కదా. ఆ దెబ్బ తగిలిన రాత్రి మృదంగం మీద నేనే ఉన్నాను. సత్యభామ వేషం కట్టిన పిల్లకు ఊపిరందక మొదటి మాట గొంతులోనే ఆగిపోయింది. ఆ పిల్లను మాస్టారు ఒక్క మాట అనలేదు. తెల్లారి తన పాఠాన్నే దిద్దుకున్నారు. యాభై ఏళ్లు దాటాయి, నేను మరిచిపోయాను. పేజీ మరిచిపోలేదు.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. నేను మృదంగం తీశాను. మూడు ఆవర్తాలు ఆడింది. నాలుగోదానికి నేను చెయ్యి ఆపాను, తను కాలు ఆపింది. గుండె నిండా ఊపిరి పీల్చుకుని, ట్రాక్ లేకుండా, ఎవరూ వెనక పాడకుండా, సత్యభామ మాట తన నోటితో తను చెప్పింది. గొంతు వణికింది. అయినా సత్యభామ వచ్చింది మా వసారాలోకి.

వెళ్లేముందు ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకుంటానంది. తీసుకో, కానీ ముందు చేత్తో రాసుకో అన్నాను. కూర్చుని, జతులతో, గీతలతో, కొట్టివేతతో సహా రాసుకుంది. కింద తేదీ వేయించాను, ఊరు వేయించాను, ఎవరి పుస్తకం నుంచి రాసిందో వేయించాను.

మీ ఊళ్లోనూ ఒక మాస్టారు ఉండి ఉంటారు, ఒక టీచరమ్మ ఉండి ఉంటుంది. సన్మానాలు తర్వాత చేద్దురుగాని. ఈ ఆదివారం వెళ్లి ఆ మంచం కింద ఏముందో చూడండి. ఫొటోలు బయటికి తీసి, ఆ మనిషి పక్కన కూర్చుని, ఎడమ నుంచి కుడికి పేర్లు అడిగి వెనక రాయండి. తెర పట్టినవాడి పేరు కూడా.